గట్టు అవతలి గొంతు

ఆర్విల్ లెడ్‌ఫర్డ్ మనుషుల గొంతులకన్నా కుక్కల గొంతుల్ని బాగా గుర్తుపట్టేవాడు. సొంత మేనల్లుడు ఫోన్ చేసినా "ఎవరూ?" అని రెండుసార్లు అడిగేవాడు. అదే రెండు గట్ల అవతల, పొగమంచులో, కుక్కలన్నీ ఒక్కసారిగా మొరుగుతుంటే మాత్రం, ట్రక్కు తలుపు తీసుకుని కూర్చుని, కాఫీ ఊదుకుంటూ, ముందున్నది ఎవరి కుక్క, వెనకబడ్డది ఏది, ఎలుగు ఇంకా పరిగెడుతోందా, చెట్టెక్కిందా, అన్నీ చెప్పేసేవాడు. రంపపు మిల్లులో వయసంతా గడిపి చెవులు సగం పోగొట్టుకున్న మనిషికి ఇదెలా సాధ్యమో ఎవరికీ అంతుపట్టేది కాదు. "పోయింది మా అక్క మాటలు వినే సగమే" అనేవాడు బావమరిది డ్యూయీ.

నార్త్ కరోలినాలో మా వైపు కొండల్లో అడవంతా ప్రభుత్వానిదే. అంటే అందరిదీ. లైసెన్సు జేబులో ఉన్నవాడు ఏ గట్టెక్కినా కాదనే హక్కు ఎవరికీ లేదు. అయినా కాగితం మీద లేని గీతలు చాలా ఉంటాయి. చన్నీళ్ళ గట్టుకి ఇటువైపు ఆర్విల్ జట్టు వేటాడుతుంది, అటువైపు కోయ్ మెస్సర్ జట్టు. ఎలుగుబంటికి ఆ గీతలు తెలియవు. అది గట్టు దాటితే కుక్కలు దాటుతాయి, కుక్కల వెనక మనుషులు దాటక తప్పదు. అప్పుడు ఎవరి కుక్కలు జాడ ముందు పట్టాయో ఎలుగు వాళ్ళది. ఆ ముందూవెనకల దగ్గరే చాలా ఏళ్ళ కిందట ఆర్విల్‌కీ కోయ్‌కీ చెడింది. ఒకే చెట్టు కింద రెండు జట్ల కుక్కలూ చేరాయి. "నావి ముందు" అంటే "నావి ముందు" అనుకున్నారు. తుపాకీ పేల్చింది కోయ్. అప్పటినుంచీ మాటల్లేవు. రోడ్డు మీద ఎదురైతే స్టీరింగు మీదనుంచి పలకరింపుగా ఒక వేలు ఎత్తడం మాత్రం ఇద్దరూ మానలేదు. అది మానేసినవాణ్ణి మా వైపు మనిషి కింద జమకట్టరు.

ఆర్విల్ కుక్కల్లో పెద్దది టిల్డీ. ఒళ్ళంతా పులిచారలు, ఒక చెవి చిరుగు. దాన్ని ట్రక్కులో కుక్కల పెట్టె మీద గొలుసుతో నిలబెట్టి, అడవి రోడ్డు మీద నెమ్మదిగా పోతుంటే, ఎలుగు దాటిన చోట అది ముక్కెత్తి మొదటి అరుపు అరిచేది. అప్పుడు మిగతా కుక్కల్ని వదిలేవాళ్ళు. ఆ అరుపు ఎండిన నూతిగిలక తిరిగినట్టు కిందనుంచి పొడుగ్గా లేచి, పైకి వెళ్ళాక విరిగి రెండు ముక్కలయ్యేది. అలాంటి గొంతు ఆ కొండల్లో మరోదానికి లేదు.

కిందటేడు నవంబరులో టిల్డీ తప్పిపోయింది. ఎలుగు వెంటపడి గట్టు దాటి, గుడ్డిగుర్రం గండిలోకి దిగింది. ఆ గండిలో సిగ్నలు అందదు. మెడలో ఉన్న కాలరు ఎక్కడుందో చూపించే చిన్న తెర మీద దాని చుక్క కాసేపు వెలిగి ఆరిపోయింది. మర్నాడంతా వెతికినా ఫలితం లేదు. ఆ పై రోజు పొద్దున చుక్క మళ్ళీ వెలిగింది. గండిలో కాదు, అవతల అడవి రోడ్డు గేటు దగ్గర. కదలడం లేదు. ఆర్విల్ పడుతూ లేస్తూ వెళ్ళేసరికి కుక్క లేదు. గేటు కింద తడి ఆకుల్లో కాలరు పడివుంది. తెగలేదు, చిరగలేదు. బకిలు తీసివుంది.

"కుక్క తన కాలరు తను విప్పుకోదు" అన్నాడు.

ఈ ముక్క ఆ ఏడాదంతా అంటూనే ఉన్నాడు. దుకాణంలో అన్నాడు, చర్చి మెట్ల మీద అన్నాడు, మంగలి కుర్చీలో అన్నాడు. దొంగ ముందుగా చేసే పని కాలరు విప్పి పారెయ్యడమని కుక్కలున్న ప్రతివాడికీ తెలుసు. అందుకే ఎవరూ కాదనలేదు. కాని ఎవరు దొంగ అన్న ప్రశ్న ఆర్విల్ వెనకే ఇంట్లోకి వచ్చి కూర్చుంది. రాత్రి తలుపు గడియ రెండోసారి చూసుకోవడం మొదలుపెట్టాడు. కుక్కల దొడ్డికి తాళం వేశాడు. అంతకుముందు ఆ ఇంటికి తాళమన్నదే లేదు. తాళంచెవి ఎక్కడ పెట్టేవాడో భార్య రీథాకి కూడా చెప్పలేదు.

"పెళ్ళై ఇన్నాళ్ళకి నేను కుక్కలెత్తుకుపోతానని తేలిందా?" అంది రీథా.

"నిన్ననడం లేదు."

"అనకపోతే తాళంచెవి చూపించు."

చూపించలేదు.

ఈ ఏడు వేట మొదలైన వారంలో ఆర్విల్ జట్టుకి మంచి మగ ఎలుగు దొరికింది. తోలు తీసి, మాంసం కోసి, ట్రక్కు వెనక తలుపు దించి దానిమీద వాటాలు పేర్చారు. వాటాలు పంచడానికి మా వైపు పాత పద్ధతి ఒకటి ఉంది. ఒకడు కుప్పలకి వీపు పెట్టి నిలబడతాడు. ఇంకొకడు ఒక కుప్ప మీద చెయ్యి వేసి "ఇదెవరిది?" అంటాడు. వీపు పెట్టినవాడు చూడకుండా ఒక పేరు చెప్తాడు. ఇక ఆ కుప్ప ఆ పేరుగలవాడిదే. తాతలనాటి నుంచీ దీనిమీద తగువు రాలేదు. ఆ రోజు వీపు పెట్టింది డ్యూయీ, చెయ్యి వేసింది బర్ల్ క్రిస్ప్ అనే లావుపాటి మనిషి.

"ఇదెవరిది?"

"బర్ల్‌ది."

"ఆగు" అన్నాడు ఆర్విల్. "అడిగేముందు కాలెందుకు రాశావు బర్ల్?"

"ఏం కాలు?"

"బూటు. రాళ్ళమీద రాశావు. డ్యూయీకి వినపడేలా."

"చలికి రాశానయ్యా! కాళ్ళు కొయ్యబారిపోతే రాయనా?"

డ్యూయీ మెల్లగా ఇటు తిరిగాడు. "బావా, ఈ కుప్పలో కాస్త కొవ్వు ఎక్కువుందని నేనూ బర్ల్ బూట్లతో మాట్లాడుకున్నామంటావు. అంతేనా?"

"నేనేమీ అనలేదు. అడిగాను."

బర్ల్ తన వాటా తీసి ఆర్విల్ వాటా మీద పెట్టేసి, ట్రక్కెక్కి వెళ్ళిపోయాడు. అంత మాంసం వండుకుని తింటుంటే ఆర్విల్‌కి రుచి తెలియలేదు. రీథా తినలేదు.

ఆ వారంలోనే ఇంకొకటి జరిగింది. ఆర్విల్, డ్యూయీ గట్టు మీద ట్రక్కు ఆపి బిస్కట్లు తింటున్నారు. వాళ్ళ కుక్కలు పెట్టెలో పడుకున్నాయి. గట్టవతల కోయ్ జట్టు కుక్కలు జాడ పట్టినట్టున్నాయి, అరుపులు కిందనుంచి వస్తున్నాయి. వాటిల్లోంచి ఒక గొంతు పొడుగ్గా లేచింది. పైకి వెళ్ళి, విరిగి, రెండు ముక్కలయింది.

ఆర్విల్ చేతిలో కాఫీ ఒలికి తొడమీద పడింది. ఆ వేడి కూడా తెలియలేదు.

"టిల్డీ" అన్నాడు.

డ్యూయీ నమలడం ఆపేశాడు. మొహంలో ఏదో మారింది. వెంటనే సర్దుకున్నాడు. "ఏ కుక్కైనా దూరంనుంచి అలాగే ఉంటుంది బావా. నీ చెవులు రంపం తినేసింది, మర్చిపోయావా?"

ఆ చెవుల మీద పందేలు కాసి ఊరంతా తిరిగినవాడు డ్యూయీయే. ఈ రోజు వాటిని కాదంటున్నాడు. కిటికీ అద్దం కూడా పైకెత్తేస్తున్నాడు, చలిగా ఉందంటూ. ఆర్విల్‌కి విప్పిన బకిలుకన్నా ఎత్తిన అద్దం ఎక్కువ అనుమానం పుట్టించింది.

మర్నాడు దుకాణంలో, పొయ్యి చుట్టూ అందరూ ఉండగా, ఆర్విల్ బయటపెట్టేశాడు. "నా కుక్క కోయ్ మెస్సర్ దగ్గరుంది. నా చెవులతో విన్నాను. దొంగతనం కాకపోతే దాన్నేమంటారో మీరే చెప్పండి." ఆ మాట గట్టు దాటి, మధ్యాహ్నం భోజనాలవేళకి కోయ్ బల్ల మీదకి చేరింది.

"అడవి వార్డెన్‌కి చెప్పు, పోయి చూసొస్తాడు" అంది రీథా.

"పొరుగువాడి మీదకి వార్డెన్‌ని పంపుతామా?"

"పొరుగువాణ్ణి దొంగ అనొచ్చుగాని వార్డెన్‌ని పంపకూడదా? బాగుంది."

చివరికి తనే వెళ్ళి చూడాలనుకున్నాడు. కోయ్ భార్య జెల్మాకి మోకాలి ఆపరేషనయింది. చూడ్డానికి వెళ్ళినట్టు వెళ్ళొచ్చు. రీథా పిండిలో ఆపిల్ ముక్కలు కూరి పైలు వేయించింది. "ఇవి జెల్మా మోకాలికి చేశాను, నీ దొంగచూపులకి కాదు" అని గుడ్డకట్టి చేతికిచ్చింది.

కోయ్ వరండాలో కూర్చుని చాకు నూరుకుంటున్నాడు. పొట్టిమనిషి, గడ్డం తెల్లబడింది. లేవలేదు.

"పైలు" అన్నాడు ఆర్విల్. "జెల్మాకి."

"ఇన్నేళ్ళూ గుర్తురాని జెల్మా ఇప్పుడు గుర్తొచ్చిందా? అక్కడ పెట్టు. ఇంకేమైనా లెక్కపెట్టుకోవాలా? కోళ్ళున్నాయి, ఆవు ఉంది."

అంతలో వెనక గడ్డికొట్టంలోంచి కుక్క అరిచింది. ఒక్కసారే. గిలక తిరిగింది, విరిగింది. ఆర్విల్ రెండడుగులు అటు వేశాడు.

"నిలబడక్కడ" అన్నాడు కోయ్. చాకు మడిచి జేబులో పెట్టుకున్నాడు. "అది ఎదకొచ్చింది. మూసిపెట్టాం."

"ఒక్కసారి తలుపు తీస్తే నీ సొమ్మేం పోతుంది?"

"నిన్నటిదాకా అడిగుంటే తీసేవాణ్ణి. పదిమందిలో దొంగ అన్నావు. దొంగ తలుపు తీసి చూపిస్తాడా ఎక్కడైనా? పో."

లోపల్నుంచి జెల్మా "ఎవరండీ?" అంది. "పైలవాడు" అన్నాడు కోయ్.

ఆర్విల్ ఇంటికి వెళ్తూ దారిపొడుగునా ఒక్కొక్కటీ పేర్చుకున్నాడు. విప్పిన బకిలు. గండిలో ఆరి గేటు దగ్గర వెలిగిన చుక్క. మూసిన కొట్టం. డ్యూయీ ఎత్తిన అద్దం. ఒకదానిమీద ఒకటి చక్కగా కూర్చున్నాయి. ఇంత చక్కగా కూర్చునేది నిజం కాక మరేమిటి?

డిసెంబరులో రెండో విడత వేట తెరిచారు. ఆర్విల్ తన కుక్కల్ని తీసుకురాలేదు. ఖాళీ పెట్టెతో కోయ్ వైపు అడవి రోడ్డుకి వెళ్ళి, గండి పైన ట్రక్కు ఆపుకుని కూర్చున్నాడు. అడవి ప్రభుత్వానిది, రోడ్డు ప్రభుత్వానిది. లేపేవాడు లేడు. కోయ్ జట్టు ట్రక్కులు పక్కనుంచి పోతూ నెమ్మదించాయి. ఒక్కడూ వేలెత్తలేదు.

పొద్దెక్కాక కుక్కల్ని వదిలారు. ఆర్విల్ అద్దాలు దించి విన్నాడు. ఎలుగు పెద్దదే, చెట్టెక్కే రకం కాదు. నేలమీదే తిరగబడుతూ, పరిగెడుతూ, గండిలోకి దిగి, లారెల్ పొదల్లోంచి మళ్ళీ ఎగువకి మళ్ళింది. గిలక గొంతు ముందుంది. తరవాత గుంపు రెండుగా చీలింది. పెద్ద గుంపు గట్టు మీదుగా దూరమైపోయింది. గిలక గొంతు ఆగిపోయింది.

ఆర్విల్ కిందకి దిగి నిలబడ్డాడు. చాలాసేపటికి రోడ్డు దిగువన పొదలు కదిలాయి. పులిచారల కుక్క ఒకటి కుంటుకుంటూ పైకొచ్చింది. ముందుకాలి గోరు ఊడి నెత్తురు కారుతోంది.

"టిల్డీ!" అన్నాడు. "టిల్డీ, రామ్మా!"

తోక ఊపుతూ వచ్చేసింది. అలిసిపోయిన కుక్క ఏ మనిషి పిలిచినా వస్తుంది. ఆర్విల్ మోకాళ్ళ మీద కూలబడి తలని రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. రెండు చెవులూ నిండుగా ఉన్నాయి. రొమ్మున తెల్లమచ్చ. పెదవి ఎత్తి చూస్తే పళ్ళన్నీ పడుచుకుక్క పళ్ళు. టిల్డీ కాదు. టిల్డీలా ఉంది, కాని కాదు. అంతలో కుక్క గట్టువైపు తలెత్తి, ఆయన మొహానికి మూరెడు దూరంలో, నూతిగిలకలా అరిచింది.

టిల్డీ గొంతే మరో మెడలోంచి వచ్చినట్టయింది. కాలరు బిళ్ళ చూడ్డానికి మెడ కింద చెయ్యి పెట్టాడు. బిళ్ళ మీద కోయ్ పేరుంది. అంతలో మలుపులో రాళ్ళు ఎగిరాయి. కోయ్ ట్రక్కు వచ్చి అడ్డంగా ఆగింది. చుక్క ఆర్విల్ దగ్గర ఆగడం తెర మీద చూసే వచ్చాడు. దిగింది కోయ్ ఒక్కడే కాదు. రెండో తలుపు తీసుకుని డ్యూయీ దిగాడు.

ఆర్విల్ కాలరు మీద చెయ్యి అలాగే ఉంచి బావమరిదివైపు చూశాడు.

"బకిలు మీంచి చెయ్యి తియ్యి" అన్నాడు కోయ్.

"పేరు చూస్తున్నా."

"చదవడమొచ్చిందా? అయితే చదివి తియ్యి."

ఆర్విల్ చెయ్యి తియ్యలేదు. "ఇది టిల్డీ కాదు" అన్నాడు. "మరి దీనికా గొంతెక్కడిది?"

కోయ్ డ్యూయీవైపు చూశాడు. "నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా? పొద్దున్నే వచ్చి, నాచేత వేయించుకున్న ఒట్టు వెనక్కిచ్చెయ్యమన్నావుగా. ఇచ్చేశాను. ఇక చెప్పుకో."

డ్యూయీ టోపీ తీసి చేతుల్లో తిప్పాడు. "బావా, టిల్డీ చివరి ఈతలో మూగది ఒకటి ఉంది, గుర్తుందా?"

గుర్తుంది. ఏడాది దాటినా నోరు విప్పని పిల్ల. జాడ మీద వదిలితే పరిగెత్తేది గాని కిక్కురుమనేది కాదు. అరవని కుక్క ఎలుగుని పట్టినా పట్టిందని తెలిసేదెలా? అలాంటిదాన్ని ఆ కొండల్లో ఎవరూ మేపరు. "దీనికి గొంతు లేదు. రాదు కూడా. తీసుకెళ్ళి ఒక తూటా ఖర్చు పెట్టు" అని డ్యూయీకి అప్పగించింది ఆర్విలే. గొంతుల సంగతి ఆయన చెప్పాక మరో మాట లేదు కదా.

"తూటా ఖర్చు పెట్టలేదు బావా. పెట్టలేకపోయాను. నా మొహంలోకి చూసింది. మన వైపుంటే నువ్వు చూస్తావని గట్టవతల ఇచ్చేశాను. నీకు చెప్పొద్దని కోయ్ చేత ఒట్టేయించుకున్నాను."

"జెల్మా కోళ్ళకి కాపలా పెట్టుకుంది" అన్నాడు కోయ్. "నేను వేటకి తెచ్చిందే లేదు. ఈ ఆగస్టులో కుక్కల్ని తిప్పడానికి వెళ్తుంటే వెంటపడింది. సరే రానీ అన్నాను. ఎలుగు జాడ తగిలాక నోరు విప్పింది. నాకూ ఒళ్ళు గగుర్పొడిచింది. నీ ముసలిదే లేచొచ్చిందనుకున్నాను."

"లేచి రావడమేమిటి?" అన్నాడు ఆర్విల్. "నా టిల్డీ ఏమైంది?"

కోయ్ వింతగా చూశాడు. "గేటుకి కాలరు తగిలించానుగా."

మా వైపు అడవిలో ఎవరి కుక్కైనా చచ్చి కనిపిస్తే, రాళ్ళు కప్పి, కాలరు విప్పి, దగ్గరి గేటుకో కొమ్మకో తగిలిస్తారు. ఆ వార్త ఎవరూ ఎవరికీ నోటితో చెప్పనక్కర్లేదు. వేలాడుతున్న కాలరు చూసినవాడు టోపీ తీసి, కాలరు తీసుకుని ఇంటికి పోతాడు.

"తగిలించావా?" అన్నాడు ఆర్విల్. "నాకు నేలమీద దొరికింది."

"నేనైతే పై కమ్మీకి తగిలించాను. గాలికి పడిందో, గేటు తీసినవాడెవడైనా పడేశాడో."

"నువ్విప్పుడు అలాగే అంటావు."

డ్యూయీ "బావా!" అన్నాడు.

"నువ్వు మాట్లాడకు. ఇన్నాళ్ళూ మాట్లాడనివాడివి ఇప్పుడూ మాట్లాడకు." ఆర్విల్ కోయ్‌వైపు తిరిగాడు. "నమ్మను. చూపించు."

మర్నాడు పొద్దున ఇద్దరే దిగారు. డ్యూయీ వస్తానన్నా ఆర్విల్ రానివ్వలేదు. గండిలో దారి లేదు, నాచుపట్టిన బండలు, లారెల్ కొమ్మల అల్లిక. కొన్నిచోట్ల పాకాలి. కోయ్ ముందు నడిచాడు. ఆర్విల్ అతని భుజం మీది తుపాకీనే చూస్తూ దిగాడు. తీసుకెళ్ళి ఏదో ఒక రాళ్ళగుట్ట చూపిస్తాడు, అడవిలో రాళ్ళగుట్టలకేం కరువు అనుకున్నాడు.

నీటి అంచున, బండ కింద, రాళ్ళు పేర్చి ఉన్నాయి. వాటంతటవి దొర్లిపడ్డ రాళ్ళు కావు. పెద్దవి కింద, చిన్నవి సందుల్లో, నక్క గోకినా కదలకుండా.

"బండమీంచి పడ్డట్టుంది. లేకపోతే ఎలుగే కొట్టిందేమో" అన్నాడు కోయ్. "నేనొచ్చేసరికి చల్లబడిపోయింది."

"రాళ్ళు తీస్తాను."

"తియ్యి. నేను నీ చోటుంటే నేనూ తీద్దును."

ఆర్విల్ ఒక్కొక్కటే తీసి పక్కన పెట్టాడు. వేళ్ళు తిమ్మిరెక్కాయి. అడుగున ఎండిన తోలు ముక్క, దానిమీద చారలు ఇంకా ఆనవాలు పడుతున్నాయి. ఒక పక్క పక్కటెముకలు విరిగి లోపలికి పోయాయి. పుర్రె తలకిందులుగా ఉంది. దాన్ని తిప్పాడు. కింది కోరపన్ను సగమే ఉంది, ఒకప్పుడు పెట్టె కమ్మీ కొరికి విరగ్గొట్టుకున్నది. ఆ సగం పన్ను మీద బొటనవేలు పెట్టి తడిమాడు. కోయ్ వాగువైపు తిరిగి నిలబడ్డాడు.

తరవాత రాళ్ళు తిరిగి పేర్చడం మొదలుపెట్టాడు. అడుగున పెద్దరాయి ఒకటి తను తీసినప్పుడు తేలిగ్గానే వచ్చింది, ఇప్పుడు లేవడం లేదు. కోయ్ తుపాకీ చెట్టుకి ఆనించి వచ్చి రెండో అంచు పట్టుకున్నాడు. ఇద్దరూ కలిసి పెట్టారు.

"దుకాణంలో చెప్తాను" అన్నాడు ఆర్విల్, తలెత్తకుండా. "నేనన్నది తప్పని."

"చెప్పు. పొయ్యి దగ్గరవాళ్ళకే కాదు, తలుపు దగ్గర నిలబడేవాళ్ళకీ వినపడాలి."

"చెప్తాను. బర్ల్ ఇంటికి కూడా వెళ్ళాలి."

"బర్ల్ సంగతి నాకు తెలీదు." కోయ్ చిన్నరాళ్ళు ఏరి అందిస్తున్నాడు. కాసేపటికి చెయ్యి ఆపాడు. "ముందే చెప్తున్నా ఆర్విల్. ఆ పిల్లదాన్ని ఇవ్వను. జెల్మా బతకనివ్వదు నన్ను."

"నేనడగలేదు."

"అడగబోయావు."

ఆర్విల్ ఆఖరి రాయి సందులో నొక్కి, అరచేతులు ప్యాంటుకి తుడుచుకున్నాడు.

"అడగబోయాను" అన్నాడు.